మేలుకొన్న తరువాత: తిరుమల వాఙ్మయంలో పనికి దక్కిన గౌరవం

తాళ్ళపాక అన్నమాచార్యుల ‘బ్రహ్మమొక్కటే’ కీర్తనను సామాజిక సమానత్వానికి నిదర్శనంగా ఉదాహరించడం మన విమర్శలో పరిపాటి. ఆ వ్యాఖ్యానం తప్పని వాదించడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. అయితే ఆ కీర్తన ఏయే విషయాలలో మనుషులను సమానులుగా లెక్కిస్తున్నదో వరుసగా గమనిస్తే ఒక విశేషం కనిపిస్తుంది. రాజుకూ బంటుకూ నిద్ర ఒకటే. బ్రాహ్మణుడికీ చండాలుడికీ కాలికింది నేల ఒకటే. ధనికుడికీ పేదవాడికీ రాత్రింబగళ్ళు ఒకటే. మేలైన అన్నం తినేవాడి ఆకలీ, తినరానిది తినేవాడి ఆకలీ ఒకటే. ఏనుగు మీదా కుక్క మీదా కాసే ఎండ ఒకటే. ఇవన్నీ ప్రకృతి పంచినవో, శరీరధర్మాలో. మనిషి చేసే పని ఈ లెక్కలోకి రాలేదు. నిద్రలో రాజుతో సమానుడైన బంటు తెల్లవారి లేస్తే మళ్ళీ బంటే. మేలుకొన్న తరువాత వారిద్దరి సంగతి ఏమిటన్న ప్రశ్న ఆ కీర్తన పరిధిలో లేదు. దానిని అడగవలసినది విమర్శకులు.

తిరుమల వాఙ్మయంలో పని ప్రస్తావన లేదని దీని అర్థం కాదు. అక్కడి ఐతిహ్యాలన్నీ పని చుట్టూనే అల్లుకున్నాయి. తిరుమలనంబి పాపవినాశనం నుండి స్వామి అభిషేకానికి నీళ్ళు మోసేవారు. ఒకనాడు స్వామి వేటగాడి రూపంలో వచ్చి దాహమని ఆ నీళ్ళు తాగివేసి, బదులుగా దగ్గరలోనే ఆకాశగంగను చూపించాడని కథ. దాని స్మృతిగా తన్నీరముదు ఉత్సవం నేటికీ జరుగుతున్నది. నీళ్ళ కుండ మోయడం ఉత్సవమయింది! అనంతాళ్వారు పూదోట పెంచి, దానికి నీటికోసం చెరువు తవ్వారు. బాలుడి రూపంలో సాయం చేయబోయిన స్వామి మీదికి ఆయన విసిరిన గునపం ఈనాటికీ ఆలయ మహాద్వారం దగ్గర వేలాడుతూ ఉంటుంది. మట్టి తవ్వే పనిముట్టుకు గుడి వాకిట అంతటి స్థానం దొరకడం అరుదైన విషయం.

అయితే ఆ కథలో మట్టి మోసినది అనంతాళ్వారు భార్య. ఆమె నిండు గర్భిణి. స్వామి బాలుడై వచ్చినది ఆమె తట్టను అందుకోవడానికే. గునపం మహాద్వారం చేరింది, గునపం దెబ్బ తగిలిన స్వామి గడ్డానికి పచ్చకర్పూరం దక్కింది; తట్ట మాత్రం ఏమయిందో కథ చెప్పదు. కథ చెప్పేవారు ఆమెను అనంతాళ్వారు భార్య అని అంటారే తప్ప పేరుతో పిలవగా నేను వినలేదు.

ఈ తేడాకు మూలం మాటలోనే ఉన్నది. కైంకర్యం అన్న పదం కింకర శబ్దం నుండి వచ్చింది. కింకరుడంటే సేవకుడు. ఆ లెక్కన కైంకర్యానికీ ఊడిగానికీ అర్థంలో పెద్ద భేదం ఉండకూడదు. కాని తెలుగులో ‘ఊడిగం చేశాడు’ అంటే చిన్నచూపు, ‘కైంకర్యం చేశాడు’ అంటే మన్నన. (పరుల సొమ్మును కైంకర్యం చేసేవారి సంగతి వేరు, ఆ వాడుకలోని ఎత్తిపొడుపు మరో వ్యాసానికి తగిన విషయం.) ఈ రెండు మాటలను వేరుచేస్తున్నది పని స్వభావం కాదు. చేసేవాడికి ఆ పని చేయకుండా ఉండగలిగే వీలు ఉన్నదా లేదా అన్నది. తిరుమలనంబి ఆచార్యుడు, కుండ ఎత్తుకోకపోయినా ఆయన గౌరవానికి లోటు లేదు. అందుకే ఎత్తుకోవడం ఘనత అయింది. ఎత్తుకోక తప్పనివాడి విషయంలో అదే మోత వట్టి మోతగానే మిగిలిపోయింది.

వైష్ణవ కైంకర్య భావన చిన్నపనిగా ఎంచే దానికి గౌరవం కల్పించిందని ఇక్కడ ఆక్షేపణ రావచ్చు. అది నిజమే, చిన్న విషయమూ కాదు. అయితే గౌరవం పనికి దక్కిందా, పనిలోకి దిగివచ్చిన వ్యక్తికి దక్కిందా అన్నది పరీక్షించి చూడాలి. పనికే దక్కి ఉంటే తట్ట మోసినామె పేరు మనకు తెలిసేది.

అన్నమయ్య మనుమడు చిన్నన్న రచించిన ద్విపద ‘అన్నమాచార్య చరిత్రము’లో ఇందుకు మరొక రూపం కనిపిస్తుంది. ఇంటివారు బాల అన్నమయ్యను గడ్డి కోసుకు రమ్మని పంపుతారు. కొడవలి తగిలి వేలు తెగుతుంది. ఆ నొప్పిలో బంధుత్వాల మీద విరక్తి కలిగి, ఆయన యాత్రికులతో కలిసి తిరుమల దారి పడతాడు. మహాకవి జీవితంలో ఇది మలుపు. కాని ఆ సాయంత్రం పశువులకు గడ్డి ఎవరు వేశారు? వేళాకోళానికి అడిగిన ప్రశ్న కాదిది. కొడవలిని వదలడం చరిత్రగా, పట్టుకొని ఉండడం చరిత్రకు వెలుపలి విషయంగా కావ్యం నిర్ణయించింది, మనం ఆమోదించాం. సువ్వి పాటల విషయమూ ఇటువంటిదే. దంచే స్త్రీల ఊపిరి నుండి పుట్టిన ఆ బాణీని అన్నమయ్య సంకీర్తనలోకి తెచ్చాడు. రోకటిపోటు లయ నిలిచింది. దంచిన చేతులు స్తుతిలో కరిగిపోయాయి.

అన్నిటికంటె మనకు దగ్గరగా ఉన్న ఉదాహరణ రాగిరేకులు. అన్నమయ్య కుమారుడు పెదతిరుమలాచార్యుడు వాటిని చెక్కించాడని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. ‘చెక్కించాడు’ అన్న ప్రేరణార్థక క్రియలో చెక్కినవారు ఎక్కడో అణగి ఉన్నారు. 1922 ప్రాంతంలో రేకులను వెలుగులోకి తెచ్చిన సాధు సుబ్రహ్మణ్యశాస్త్రికీ, పరిష్కరించిన వేటూరి ప్రభాకరశాస్త్రికీ, స్వరపరచిన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మకూ మనం రుణపడి ఉన్నాం. ఆ రుణాన్ని ప్రతి పీఠికలోనూ చెప్పుకొంటున్నాం. రెండు వేలకు పైబడిన రేకుల మీద, ఇరువైపులా, ఒక్కొక్క అక్షరాన్నీ లోహంలో తొలిచినవారికి ఆ పీఠికలలో ఒక వాక్యమైనా అరుదు. తాటాకు మీద తప్పు పడితే ఆకు మార్చవచ్చు. రాగి మీద తప్పు దిద్దడం తేలిక కాదు. ఆ చేతికి అక్షరజ్ఞానం, ఓర్పు, లోహం మీద పట్టు, మూడూ ఉండాలి. అవి లేకపోతే నేడు అన్నమయ్య మనకు ఒక పేరుగా మాత్రమే మిగిలేవాడు.

శ్రీశ్రీ ‘దేశచరిత్రలు’ కవితలో పల్లకి మోసిన బోయీల గురించి అడిగిన ప్రశ్నను మనం తరగతిగదిలో ఉత్సాహంగా బోధిస్తాం. దానిని మన సొంత పరిశోధన రంగం వైపు తిప్పడం మరిచిపోయాం. 1944లో మొదటి ఘాట్ రోడ్డు పడేవరకు నడవలేని యాత్రికులను డోలీ మోసేవారే కొండ చేర్చారు. మహాత్ముల తిరుమల యాత్రలను వర్ణించేటప్పుడు వారిని మనమూ దారిలో భాగంగానే చూశాం.

చిత్తూరు జిల్లా నుండే వచ్చిన కేశవరెడ్డి ‘అతడు అడవిని జయించాడు’ నవల ఇందుకు భిన్నమైన మార్గం చూపింది. పందులు మేపే ముసలివాడు తప్పిపోయిన సూడిపందిని వెతుకుతూ అడవిలోకి వెళ్తాడు. రచయిత అతని పనిని సేవ అనలేదు, త్యాగం అనలేదు, జాలిపడనూ లేదు. అడుగుజాడ, వాసన, గాలివాలు, జంతువు స్వభావం, వీటి గురించి ముసలివాడికి ఉన్న తెలివిడిని కథాక్రమంగా నడిపించాడు. ఆ పనిని గౌరవనీయం చేయడానికి దానికి వేరే పేరు పెట్టవలసిన అవసరం ఆయనకు కలగలేదు.

అలిపిరి మెట్లు ఎక్కే భక్తులు మెట్టుమెట్టుకూ పసుపు కుంకుమలు పెట్టి, కర్పూరం వెలిగించి మొక్కుతారు. ఒకసారి తెల్లవారుజామున నేను ఎక్కుతున్నప్పుడు ఒక స్త్రీ ఆ మరకలను తుడుస్తూ దిగుతున్నది. మెట్టుకు మొక్కడానికి వంగినవారూ, తుడవడానికి వంగిన ఆమె, అందరి నడుమూ ఒక్కలాగే వంగి ఉంది. మొక్కేవారు ఆమె పక్కకు జరిగేవరకు ఆగి, తుడిచిన మెట్టు మీద మళ్ళీ పసుపు పూశారు.

రాగిరేకుల విషయంలో చేయదగిన పని ఒకటున్నది. రేకులలోని అక్షరాలను చెక్కిన తీరు, ఒత్తుల వంపు, గీత లోతు, వరుస తప్పిన చోట్లు, ఇవన్నీ పోల్చి చూసి ఎన్ని చేతులు పనిచేశాయో, ఏ చేయి ఏ సంపుటాల దగ్గర ఆగిందో తేల్చే లిపి పరిశీలన సాధ్యమే. పేర్లు దొరకకపోవచ్చు. మొదటి చేయి, రెండవ చేయి అని గుర్తులు పెట్టుకొనైనా ఆ పట్టికను పరిష్కరణల పీఠికలో చేర్చవచ్చు.