గింజ దాకా పులిసిన చెర్రీ

క్రీక్ గ్లాసులో పడగానే ముందు రంగు కనబడుతుంది. దానిమ్మ గింజలు నలిపిన నీటి ఎరుపు. పైన గులాబీ రంగు నురగ లేచి, నాలుగు మాటలు మాట్లాడేలోగా అణిగిపోతుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే చెర్రీపండు, దాని వెనక పాత చెక్క, ఇంకా వెనక తడిసిన ఎండుగడ్డి. మొదటి గుక్కకు దవడలు లాగుతాయి. బీరంటే చేదు అనుకుని వచ్చినవాళ్లు చాలామంది ఇక్కడే గ్లాసు పక్కన పెట్టేస్తారు. తొందరపడొద్దని నా మనవి. చింతకాయ పచ్చడి తిని పెరిగిన నాలుక రెండో గుక్కకల్లా దారి పట్టుకుంటుంది.

క్రీక్ అంటే ఫ్లెమిష్‌లో పుల్ల చెర్రీ. ఆ పండును నానబెట్టే బీరు లాంబిక్. అది బ్రస్సెల్స్‌దీ, దాని పక్క పల్లెలదీ. అక్కడి ఆండర్‌లెక్ట్‌లో 1900లో మొదలైన కాంటియాన్ బ్రూవరీని 1978 నుంచి మ్యూజియంగా కూడా నడుపుతున్నారు కనుక, పని ఎలా జరుగుతుందో ఎవరైనా వెళ్లి చూడొచ్చు.

మొలకెత్తించిన బార్లీ రెండు పాళ్లు, మొలకెత్తించని గోధుమ ఒక పాలు. గంటల తరబడి మరిగిస్తూ, బీరుకు చేదునిచ్చే హాప్స్ పూలు వేస్తారు. అవీ ఏళ్లపాటు నిలవ ఉంచినవే. పాతబడేసరికి వాటి చేదు తగ్గి, బీరు చెడకుండా కాపాడే గుణం మిగులుతుంది.

అసలు విశేషం అటక మీద. మరిగిన కషాయాన్ని లోతులేని పెద్ద రాగి తొట్టిలో పోసి రాత్రంతా మూత లేకుండా వదిలేస్తారు. ఈస్ట్ ఎవరూ వేయరు. చల్లగాలిలోంచీ, మర్నాడు నింపే పీపాల చెక్కలోంచీ అదే వచ్చి చేరుతుంది. మన తాటికల్లుకు మాత్రం తోడు ఎవరు వేస్తారు? లొట్టి గోడకు అంటుకున్నదీ గాలిలో ఉన్నదీ కలిసి పొద్దెక్కేసరికి పులిపిస్తాయి. కల్లుకు ఒక పూట చాలు, లాంబిక్‌కు ఏళ్లు కావాలి. వేసవి గాలిలో చెడగొట్టే క్రిములు ఎక్కువ కాబట్టి చలి నెలల్లోనే కాస్తారు. 2015 నవంబరులో రాత్రుళ్లు చల్లబడక కాంటియాన్ వాళ్లు కొన్నాళ్లు కాచడమే ఆపాల్సి వచ్చింది. ఆ సంగతి తలచుకుంటే నాకు దిగులేస్తుంది.

పీపాలో ముందు మామూలు ఈస్ట్ తీపిని తింటుంది. నెలలు గడిచాక, పెరుగులో ఉండే ఆమ్లాన్నే తయారుచేసే బ్యాక్టీరియా పులుపు తెస్తుంది. తర్వాతి వంతు బ్రెట్టనోమైసిస్ అనే మొండి ఈస్ట్‌ది. ఆ ఎండుగడ్డి వాసన దాని చలవే. పీపాల మధ్య సాలెగూళ్లు దులపరు, పండ్ల ఈగల సంగతి సాలీళ్లు చూసుకుంటాయి.

చెర్రీలు వచ్చేది వేసవిలో. లీటరుకు సుమారు 200 గ్రాములు, గింజలు తీయకుండా వేస్తారు. పండ్ల తీపి దొరకగానే నిద్రపోతున్న పీపా మళ్లీ పొంగుతుంది. నెలలు తిరిగేసరికి తీపంతా పోయి, గింజలోని బాదం వాసన బీరులోకి దిగుతుంది. సీసాలకు పట్టేటప్పుడు కాస్త లేత లాంబిక్ కలుపుతారు. బుడగలు పుట్టేది అందులో మిగిలిన తీపి వల్లే.

క్రీక్ పేరుతోనే చక్కెర కలిపిన బీర్లూ అమ్ముతారు. అవి హాయిగా గొంతు దిగుతాయి గానీ, ఆ తీపి కింద పీపా వాసన మునిగిపోతుంది. తీపి కలపని సీసానే వెతికి తెచ్చుకోండి. మరీ చల్లగా తాగకండి. గ్లాసు చేతిలో కాస్త వెచ్చబడ్డాక, అడుగున మిగిలిన రెండు గుక్కల్లో మసాలా ఏదీ వేయకుండానే దాల్చినచెక్క లాంటి వాసన లీలగా తగులుతుంది. బాదం వాసన కూడా అప్పుడే బాగా తెలుస్తుంది.