హెడ్‌ను కడిగే ముందు చదవండి

ఎండాకాలం వచ్చిందంటే విజయవాడ ఆటోనగర్‌లో లేత్ షాపుల ముందు సిలిండర్ హెడ్‌లు వరుస కడతాయి. కారు హైవే మీద వేడెక్కి ఆగిపోతుంది. బండిని లాక్కొస్తారు. మెకానిక్ హెడ్ దించి, ‘ఫేసింగ్ కొట్టించి గ్యాస్కెట్ మార్చేద్దాం’ అంటాడు. సాయంత్రానికల్లా బిగించి తాళం చేతికిస్తాడు. మూడు నెలలు తిరగకముందే అదే బండి మళ్లీ అదే షాపుకు వస్తే తప్పు గ్యాస్కెట్ మీదకు, నకిలీ సామాను మీదకు పోతుంది. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. దించడానికీ బిగించడానికీ మధ్య చేయాల్సిన పరీక్షే ఈ పనికి ప్రాణం. అది లేకుండా కొట్టించిన ఫేసింగ్, అంటే హెడ్ కింది ముఖాన్ని చదును చేయించడం, లోహాన్ని తగ్గిస్తుంది తప్ప జబ్బును తగ్గించదు.

పాత కార్ల మీది ఇష్టం కొద్దీ ఈ పనిని దగ్గరుండి చూస్తూ, వీలైనప్పుడు ఓ చెయ్యి వేస్తూ వస్తున్నాను. ఎక్కువగా చూసింది మారుతి 800 ఇంజిన్లు. 1983లో మొదలై 2014 దాకా తయారైన ఆ బండి మన ఊళ్లలో ఇంకా తిరుగుతూనే ఉంది. 796 సీసీ, మూడు సిలిండర్లు. కింద బ్లాకు పోత ఇనుము, పైన హెడ్ అల్యూమినియం. చిక్కంతా ఈ జోడీలోనే ఉంది. వేడికి అల్యూమినియం ఇనుము కన్నా దాదాపు రెట్టింపు సాగుతుంది. 20 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు చేరితే 30 సెంటీమీటర్ల అల్యూమినియం ముక్క అర మిల్లీమీటరు పైన పెరుగుతుంది. అంతే పొడవున్న ఇనుము పావు మిల్లీమీటరు దగ్గర ఆగుతుంది. రెండింటినీ బోల్టులు కదలనివ్వవు, మధ్యలో గ్యాస్కెట్ నలుగుతుంది. ఇంజిన్ స్టార్ట్ చేసిన ప్రతిసారీ ఈ పెనుగులాటే. వేడి హద్దులో ఉన్నంతకాలం మూడూ సర్దుకుంటాయి. హద్దు దాటితే, సాగడానికి చోటు లేని హెడ్ వంపు తిరుగుతుంది.

అందుకే దించడంలోనూ తొందర పనికిరాదు. ఇంజిన్ పూర్తిగా చల్లారాలి, వీలైతే ఒక రాత్రి వదిలేయాలి. వేడి మీద బోల్టులు వదులు చేస్తే అప్పటిదాకా బాగున్న హెడ్ కూడా వంగిపోవచ్చు. నీళ్లు దించి, టైమింగ్ గుర్తులు కలిపి చూసుకుని, బెల్టు తీసి, మానిఫోల్డ్‌లు విడదీశాకే బోల్టుల జోలికి వెళ్లాలి. అంచుల నుంచి మధ్యకు, ఒక్కోదాన్ని కొద్దికొద్దిగా, రెండు మూడు విడతల్లో వదులు చేయాలి. హెడ్ అంటుకుపోయి రాకపోతే సందులో స్క్రూడ్రైవర్ దూర్చి పైకి లేపేవాళ్లున్నారు. దానివల్ల పడే గీతలోంచే రేపు నీళ్లు కారతాయి.

ఇక అసలు పని. దించిన హెడ్‌ను వెంటనే కిరసనాయిల్ తొట్టిలో పడేయడం మన షాపుల్లో అలవాటు. నేను గౌరవించే ఒక పెద్ద మేస్త్రీ దగ్గర ఆ పని జరగదు. ఆయన హెడ్‌ను బల్ల మీద వెల్లకిలా పెట్టి, గ్యాస్కెట్‌ను పక్కనే అదే వరుసలో పరిచి, పని నేర్చుకుంటున్న కుర్రాణ్ణి పిలుస్తారు.

‘‘ఏం కనపడుతోందిరా?’’

‘‘మూడో చాంబర్ నీటుగా ఉంది మేస్త్రీ. మిగతా రెండూ మసిపట్టి ఉన్నాయి.’’

‘‘నీటుగా ఉందే, జబ్బు దానిదేరా. అక్కడ నీళ్లు దూరి, ఆవిరై మసిని కడిగేశాయి. ఇప్పుడు గ్యాస్కెట్ మీద మూడో రింగు చూడు.’’

కుర్రాడు వంగి వేలు పెట్టి చూపించాడు. రింగు అంచు నుంచి నీళ్ల రంధ్రం దాకా చీమల బారు లాంటి సన్నని నల్లటి గీత ఉంది. మంట నీళ్లలోకి, నీళ్లు మంటలోకి పోయిన దారి అది. రేడియేటర్‌లో బుడగలు, సైలెన్సర్‌లో తెల్లపొగ ఎందుకొచ్చాయో ఆ గీత చెప్పేసింది. తొట్టిలో ముంచి ఉంటే చాంబర్లు మూడూ ఒకేలా మెరిసేవి, సాక్ష్యం కిరసనాయిల్‌లో కలిసిపోయేది.

ప్రతి రంగుకూ ఒక అర్థం ఉంది. చాంబర్ లేత గోధుమ రంగులో ఉంటే మంట సరిగ్గా ఉన్నట్టు. పొడి నల్లమసి ఉంటే పెట్రోల్ పాలు ఎక్కువైనట్టు. జిడ్డుగా, తడిగా నల్లగా ఉంటే వాల్వ్ సీళ్ల నుంచో పిస్టన్ రింగుల నుంచో ఆయిల్ వస్తున్నట్టు. పక్కపక్క సిలిండర్ల మధ్య ఉండే సన్నటి గట్టు మీద గ్యాస్కెట్ కాలితే ఆ రెండింటి కంప్రెషన్ కలిసి పడిపోతుంది. ఇవన్నీ రాసుకున్న తర్వాతే కడగాలి. కడిగేటప్పుడైనా గ్రైండర్‌కు ఎమెరీ డిస్క్ తగిలించి అల్యూమినియం మీద తిప్పకూడదు. కంటికి ఆనని గుంటలు పడతాయి. చెక్క ముక్కతో ఓపిగ్గా గీకినా గ్యాస్కెట్ అతుకులు వదులుతాయి.

శుభ్రం చేశాక కొలత. స్ట్రెయిట్ ఎడ్జ్‌ను హెడ్ మీద పొడవుగా, అడ్డంగా, రెండు మూలల మధ్య ఏటవాలుగా నిలబెట్టి, వెనక లైటు పెట్టి చూడాలి. వెలుతురు గీత కనపడ్డ చోట ఫీలర్ గేజ్ రేకు దూర్చాలి. మారుతి 800లో ఉన్నలాంటి చిన్న సుజుకీ ఇంజిన్లకు హద్దు 0.05 మిల్లీమీటరు, అంటే మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. హెడ్‌ను ఇలా కొలిచేవాళ్లే తక్కువ. కింద బ్లాకు ముఖాన్ని కూడా కొలిచేవాళ్లు మరీ తక్కువ. బ్లాకు వంకరగా ఉంటే హెడ్‌కు ఎంత ఫేసింగ్ కొట్టినా లాభం లేదు.

కొలతలో వంపు తేలినా, దానికి ఎంత అవసరమో అంతే తీయాలి. తీసిన లోహం మళ్లీ రాదు. ఎక్కువ తీస్తే చాంబర్ చిన్నదై కంప్రెషన్ పెరుగుతుంది, ఇంజిన్ నాకింగ్ మొదలుపెడుతుంది. కామ్‌షాఫ్ట్ కిందికి దిగి వాల్వ్ టైమింగ్ కూడా కొంత జరుగుతుంది. ఇంకో సంగతి మన షాపుల్లో చాలామందికి తట్టదు. మారుతి 800 లాంటి ఇంజిన్లలో కామ్‌షాఫ్ట్ హెడ్‌లోనే తిరుగుతుంది. కింది ముఖం వంగిందంటే పైన కామ్ కూర్చునే చోట్లు కూడా వరుస తప్పి ఉంటాయి. ఫేసింగ్ కింది ముఖాన్ని చదును చేస్తుందే గాని పై వంపును ముట్టుకోదు. రాకర్లన్నీ తీసేసి కామ్‌ను చేత్తో తిప్పి చూడాలి. ఎక్కడా పట్టకుండా తిరగాలి. ఒకచోట బిగుసుకుందంటే ఆ హెడ్ ఫేసింగ్‌తో బాగుపడేది కాదు. విపరీతంగా కాలిన హెడ్‌లో అల్యూమినియం మెత్తబడి కొత్త గ్యాస్కెట్‌ను కూడా నిలబెట్టలేదు. అలాంటప్పుడు హెడ్ మార్చమని చెప్పడమే నిజాయితీ.

పగుళ్లు ఎక్కువగా రెండు వాల్వ్ సీట్ల మధ్య పుడతాయి. ఎర్ర రంగు ద్రవం రాసి, కాసేపు ఆగి తుడిచి, పైన తెల్లటి డెవలపర్ కొడితే పగుల్లోకి దిగిన ఎరుపు గీతగా పైకి తేలుతుంది. నీళ్ల దారులకు పరీక్ష వేరు. రంధ్రాలన్నీ ప్లేట్లతో మూసి, లోపలికి గాలి పట్టించి, హెడ్‌ను వేడినీళ్లలో ముంచి బుడగల కోసం చూడాలి. చల్లగా ఉన్నప్పుడు మూసుకుని ఉండే పగులు వేడికి తెరుచుకుంటుంది కాబట్టే వేడినీళ్లు.

వాల్వుల పనికీ ఒక వరుస ఉంది. అట్టకు రంధ్రాలు చేసి, ఏ వాల్వ్ ఎక్కడిదో గుర్తు పెట్టి గుచ్చుకోవాలి. ముందు వాల్వ్ కాడ కదిలే గైడ్లు చూడాలి. వాల్వ్ గైడ్‌లో అటూ ఇటూ ఊగుతుంటే గైడ్ మార్చాకే సీటు కోయాలి. సీటు కోసే పనిముట్టు గైడ్‌నే ఆధారం చేసుకుని తిరుగుతుంది గనక గైడ్ వంకరైతే సీటూ వంకరే. వాల్వ్ ఆనే ముఖం 45 డిగ్రీల కోణంలో, ఒకటిన్నర మిల్లీమీటరు వెడల్పు పట్టీలా చుట్టూ సమంగా ఉండాలి. ఎగ్జాస్ట్ వాల్వ్ తన వేడిని ఎక్కువగా ఆ పట్టీ ద్వారానే హెడ్‌కు వదిలించుకుంటుంది. పట్టీ ఎక్కడ తెగితే అక్కడ వాల్వ్ కాలుతుంది. గ్రైండింగ్ పేస్టు పెట్టి రుద్దడం చేసిన పని సరిచూసుకోవడానికే, చెడిన సీటును దిద్దడానికి కాదు. చివర్న ప్లగ్గులు బిగించి, వెల్లకిలా ఉన్న హెడ్ చాంబర్లలో కిరసనాయిల్ పోసి పోర్టుల్లోకి చూడాలి. చుక్క కూడా దిగకూడదు.

పాత అంబాసిడర్ హెడ్‌ల మరమ్మతుకు ఒక చరిత్ర కూడా ఉంది. వాటిలో సీట్లు పోత ఇనుములోనే నేరుగా కోసినవి. 1921లో అమెరికాలో థామస్ మిజ్లీ నాకింగ్ ఆపడానికి పెట్రోల్‌లో సీసం కలపడం కనిపెట్టాడు. ఆ సీసమే సీట్ల మీద పొరలా పేరుకుని వాటిని అరగకుండా కాపాడేది. సీసం పిల్లల మెదడుకు విషమని తేలాక మన దేశమంతటా 2000 ఫిబ్రవరి 1 నుంచి సీసం లేని పెట్రోలే అమ్ముతున్నారు. అది చాలా మంచి నిర్ణయం. అయితే పాత హెడ్‌లలో ఎగ్జాస్ట్ సీట్లు అరిగి వాల్వులు లోపలికి దిగిపోతాయి, వాల్వ్ పూర్తిగా మూసుకోవడానికి వదిలే టాపెట్ సందు మూసుకుపోతుంది. గట్టి లోహంతో చేసిన సీటు రింగులు దించడమే దానికి మందు. సీఎన్‌జీ, ఎల్పీజీ మీద నడిచే బండ్లలోనూ సీట్లు ఇలాగే అరుగుతాయి. గ్యాస్ కిట్ పెట్టించుకున్నవాళ్లు టాపెట్ సందు తరచూ చూపించుకోవాలి.

తిరిగి బిగించే ముందు బ్లాకులోని బోల్టు రంధ్రాలను గాలితో ఊది ఆరబెట్టాలి. అడుగున మిగిలిన నీళ్లో ఆయిలో బోల్టు కింద నలిగి, ఆ ఒత్తిడికి బ్లాకే పగలొచ్చు. బిగింపు మధ్య నుంచి అంచులకు, విడతలుగా, టార్క్ రెంచ్‌తోనే సాగాలి. కొత్త ఇంజిన్లలో చాలావాటికి సాగే బోల్టులుంటాయి. మాన్యువల్ మార్చమంటే వాటిని మార్చాల్సిందే. ఏళ్ల తరబడి చేయి తిరిగిన ఆ మేస్త్రీ కూడా టార్క్ రెంచ్ లేకుండా హెడ్ బిగించరు.

ఇంత చేసినా హెడ్ ఎందుకు వేడెక్కిందో తేలకపోతే పని సగమే. మన దగ్గర ఆ కారణం ఎక్కువగా నీళ్లే. కూలెంట్ బదులు పోసిన బోరు నీళ్లలోని ఉప్పు రేడియేటర్ గొట్టాల్లో గట్టిపడుతుంది, నీళ్ల రంధ్రాల చుట్టూ అల్యూమినియాన్ని తినేస్తుంది. రెండోది రేడియేటర్ మూత. 0.9 కిలోల ఒత్తిడి నిలిపే మూత నీళ్లను దాదాపు 118 డిగ్రీల దాకా మరగనివ్వదు. మూత రబ్బరు పోతే ఆ రక్షణ పోతుంది. వేడెక్కుతోందని థర్మోస్టాట్ పీకేయడం వైద్యం కాదు. అది లేని ఇంజిన్ ఉదయంపూట చాలాసేపు చల్లగా నడిచి పెట్రోల్ ఎక్కువ తాగుతుంది, త్వరగా అరుగుతుంది.

కారున్నవాళ్లకు నా మనవి. హెడ్ దించాలని చెప్పినప్పుడు సాయంత్రానికి బండి కావాలని పట్టుపట్టకండి. ఇంకొక రోజు గడువివ్వండి. కడిగే ముందు హెడ్‌ను, గ్యాస్కెట్‌ను మీ కళ్లతో చూడండి. వంపు ఎంత ఉంది, ఎంత తీశారు, కామ్ సులువుగా తిరిగిందా, వేడెక్కడానికి కారణమేమిటి అని అడిగి కాగితం మీద రాయించుకోండి. ఆ నాలుగింటికీ జవాబు చెప్పగల మేస్త్రీ దొరికితే ఆయన కూలి దగ్గర మాత్రం బేరమాడకండి.