చాటింపు ఒకరిది, మాట ఇంకొకరిది

జర్నలిజం చదివే మన పిల్లల నోట్సు ఎవరిదైనా తిరగేసి చూడండి. మొదటి పాఠం దాదాపు ఒకటే ఉంటది. ముందు అచ్చు, తర్వాత రేడియో, టీవీ, ఆ తర్వాత కొత్త మాధ్యమాలు. గూటెన్‌బర్గ్ దగ్గర బండెక్కితే సెల్‌ఫోను దగ్గర దిగుతాం. మధ్యలో ఎవరిని ఎక్కనివ్వలేదు అన్న ప్రశ్న రాదు. ఇది యంత్రాల చరిత్ర. మాట మీద పెత్తనం ఎవరిదన్న చరిత్ర ఇందులో లేదు. విద్యార్థులు దీన్ని బట్టీపట్టి పరీక్ష రాస్తారు, అధ్యాపకులు మార్కులు వేస్తారు. అందుకే ఈ వర్గీకరణను కొంచెం పట్టి చూడాలనుకుంటున్నాం.

ఈ పాఠాల్లో 'సంప్రదాయ మాధ్యమాలు' అని ఒక చిన్న పేరా ఉంటుంది. తోలుబొమ్మలాట, బుర్రకథ, హరికథల వరసలో దండోరాను కూడా ఒక్క మాటలో అనేసి పోతారు. డప్పు ఎవరు కొట్టారో రాయరు. కూలి ఇచ్చారా లేదా అన్నది అసలే రాయరు. దండోరా మాదిగల మీద పెట్టిన వెట్టి. చెరువు తూము ఎప్పుడు తీస్తారో, శిస్తు ఎప్పట్లోగా కట్టాలో, కరణం ఏమన్నాడో, మునసబు ఏమన్నాడో వీధివీధీ తిరిగి అరిచి చెప్పాలె. 'ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా' అని మొదలుపెట్టే గొంతు ఊరంతా వినాలి. ఆ గొంతు గల మనిషి మాత్రం గడప తొక్కకూడదు. చాటింపులో తన మాట ఒక్కటి కలపడానికి లేదు. కూలి రేటు పెంచాలని ఎవరైనా దండోరా వేసి ఉంటే ఆ సంగతి వేసినవాడి వీపుకు తెలిసి ఉంటది.

మోసేది ఒకరు, మాట ఇంకొకరిది. మాధ్యమాల 'అభివృద్ధి' చాలా మటుకు ఈ పని విభజన మీదే నడిచిందని మా వాదన. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో పుట్టిన మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి తన ఉద్యమాన్ని 'దండోరా' అని పిలుచుకోవడాన్ని కూడా ఇట్లా చూడాలి. వర్గీకరణ మీద ఎవరి అభిప్రాయం ఏదైనా కానివ్వండి. తరతరాలుగా ఊరి పెద్దల కబురు మోసిన డప్పు అక్కడ తన కబురు తాను చెప్పుకున్నది. మీడియా పాఠాల్లో దీనికి చోటు లేకపోవడం మాకేం వింతగా లేదు.

అచ్చు విషయానికొస్తే కృష్ణాపత్రిక (1902), ఆంధ్రపత్రిక (1908), గోలకొండ పత్రిక (1926) పేర్లు అందరికీ వస్తాయి. అవి చేసిన మేలును కాదనం. కానీ ఆ కాలంలోనే, 1917లో, బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన జరిగిన సభ 'పంచమ' అన్న పేరును తోసిపుచ్చి 'ఆది ఆంధ్ర' అని ప్రకటించుకుంది. ఆయన 1931లో హైదరాబాదులో 'భాగ్యనగర్' పత్రిక పెట్టాడు. రాజమండ్రిలో కుసుమ ధర్మన్న 'జయభేరి' నడిపాడు. ఈ పేర్లు ఎంతమంది జర్నలిజం విద్యార్థులకు తెలుసో అడిగి చూడండి.

బొంబాయిలో అంబేద్కర్ 1920 జనవరి 31న 'మూక్‌నాయక్' తెచ్చారు. కొల్లాపూర్ షాహూ మహారాజ్ ఇచ్చిన 2,500 రూపాయలతో మొదలైన పత్రిక అది. డబ్బు కడతామన్నా దాని ప్రకటనను 'కేసరి' వేయలేదు. తిలక్ ఇంకా బతికున్న రోజులవి. అడిగింది వ్యాసానికో సంపాదకీయానికో చోటు కాదు, డబ్బిచ్చి కొనుక్కునే జాగా. మార్కెట్టు కులాన్ని కరిగిస్తుందని చెప్పే మిత్రులు ఈ ఒక్క ముక్క దగ్గర కాసేపు ఆగాలి. మూక్‌నాయక్ ఎక్కువ కాలం నిలవలేదు. 1927లో 'బహిష్కృత్ భారత్', 1930లో 'జనతా', 1956లో 'ప్రబుద్ధ భారత్' వచ్చాయి. మన పత్రికలు ఆగిపోతే 'నిర్వహణ చేతకాలేదు' అనే విమర్శకులున్నారు. ప్రకటనకు, చందాకు, కాగితం అప్పుకు కూడా కులం ఉంటదని వాళ్లకు తట్టదు.

1989లో 'ఈనాడు' జిల్లా అనుబంధాలు మొదలుపెట్టాక మిగతా పత్రికలూ అదే దారి పట్టాయి. పత్రిక ఊరికి వచ్చింది. ఊరి నుంచి వాడకు రావాలంటే మధ్యలో విలేకరి ఉన్నాడు. అతని జీతం నామమాత్రం, ప్రకటనలు తెచ్చిపెట్టాలె. ప్రకటన ఇచ్చేది రైసుమిల్లు, ఎరువుల దుకాణం, మండలాధ్యక్షుడు. వాడ మీద దాడి జరిగినప్పుడు ఆ విలేకరి ఏం రాస్తాడు? 'ఇరువర్గాల ఘర్షణ' అని రాస్తాడు. అంతకుముందు కూడా ఇదే భాష. 1985 జూలై 17న కారంచేడులో మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను వెంటాడి చంపి, శవాలను గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. ఇందులో ఘర్షణ ఎక్కడుంది? 'వర్గం' అన్న మాటలో కులం మాయమైతది. 'ఘర్షణ' అన్న మాటలో చంపినవాడు మాయమైతడు. ఇక 'మృతి' అని శీర్షిక పెడితే చచ్చినవాళ్లు తమంతట తామే చచ్చినట్టు. చుండూరు కేసులో 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు శిక్షపడిన వాళ్లందరినీ వదిలేసింది. కర్త లేని వాక్యం కోర్టు దాకా నడిచి వెళ్లింది.

రాసే కుర్చీల లెక్క కూడా చూద్దాం. 1996లో బి.ఎన్. ఉనియాల్ అనే పాత్రికేయుడు, ఢిల్లీలో గుర్తింపు పొందిన జర్నలిస్టుల్లో ఒక్క దళితుడి కోసం వెతికి, దొరకలేదని 'పయనీర్'లో రాశాడు. 2006లో ఢిల్లీ మీడియాలో నిర్ణయాలు చేసే 315 మందిని పరిశోధకులు లెక్కగడితే ఒక్క దళితుడూ ఒక్క ఆదివాసీ లేరు. 2019లో ఆక్స్‌ఫామ్, న్యూస్‌లాండ్రీ కలిసి చేసిన అధ్యయనంలో 121 నాయకత్వ స్థానాలకు గాను 106 అగ్రకులాల చేతుల్లో ఉన్నాయి, ఎస్సీ ఎస్టీలకు సున్నా. పేపరు పోయి ఛానెలు వచ్చింది, ఛానెలు పక్కన వెబ్‌సైటు వచ్చింది. కుర్చీ మాత్రం కదల్లేదు.

కొత్త మాధ్యమాల మీద మాకు ద్వేషం లేదు, భ్రమా లేదు. 2016 జనవరి 17న రోహిత్ వేముల చనిపోయినప్పుడు అతని ఆఖరి ఉత్తరం ఏ సబ్ ఎడిటరూ కత్తెర వేయకముందే ఫోన్లలో దేశమంతా చదివింది. క్యాంపస్‌లో సస్పెండైన విద్యార్థులు వేసుకున్న డేరా పేరు 'వెలివాడ'. ఆ మాటను టీవీ ఛానెళ్లు కూడా అనక తప్పలేదు. అయితే ఆ ఫోన్ల వెనకున్న కంపెనీలు మనవి కావు. ఏ మాట పైకి తేలాలో, ఏది మునగాలో అవే నిర్ణయిస్తాయి. మన మాటకు వేలమంది వచ్చి బూతులు తిట్టినా వాటికి అది రద్దీయే, ఆదాయమే.

రేడియోను చివరికి ఉంచడం కావాలనే. గాలితరంగాలు ప్రజల ఆస్తి అని 1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు అన్నది. పౌర సంస్థలు కమ్యూనిటీ రేడియో పెట్టుకోవచ్చని ప్రభుత్వం ఒప్పుకునే సరికి 2006 నవంబరు వచ్చింది. 2008 అక్టోబరు 15న అప్పటి మెదక్ జిల్లా జహీరాబాద్ దగ్గర మాచ్నూర్‌లో సంఘం రేడియో మొదలైంది. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత ఆడవాళ్లు నడిపిన రేడియో అది. లైసెన్సు రాకముందే ఏళ్ల తరబడి క్యాసెట్లలో రికార్డు చేసి సంఘాల మీటింగుల్లో వినిపించుకున్నరు. సాయంత్రం 7 నుంచి 9 దాకా, పనులు ముగించుకుని ఇంటికొచ్చే వేళకు, వాళ్ల యాసలో వాళ్ల పంటలు, వాళ్ల పాటలు, వాళ్ల వైద్యాలు. రేడియో భాష అంటే ఆకాశవాణి భాషే అనుకున్న మనకు అది మంచి చెంపదెబ్బ. మాధ్యమం పాతదే అయినా పట్టుకున్న చేతులు కొత్తవి. పాఠ్యపుస్తకం వరసలో దీన్ని ఏ గడిలో పెడతారు?

ఇక్కడొక మెలిక ఉంది. 2006 నియమాల ప్రకారం కమ్యూనిటీ రేడియోలో వార్తలు, వర్తమాన వ్యవహారాలు, రాజకీయం చెప్పకూడదు. ఆకాశవాణి వార్తలను తిరిగి వినిపించుకోవడానికి తర్వాత వీలిచ్చారు గానీ, సొంత వార్తకు ఇవ్వలేదు. పచ్చజొన్న ఎప్పుడు చల్లాలో నర్సమ్మ చెప్పొచ్చు. పక్క ఊళ్లో దళితుడిని గుడి ముందు కట్టేసి కొడితే చెప్పకూడదు. ఢిల్లీ పంపిన బులెటిన్‌ను మాత్రం మోయొచ్చు.