సర్క్యూట్ అంది, సెన్సర్ అనలేదు

మొన్న చవితి వారంలో మా కారు ఫిర్యాదు చేసింది. 2014 నాటి చిన్న పెట్రోలు బండి. పొద్దున్నే స్టార్ట్ చేస్తే పసుపుపచ్చ ఇంజిన్ బొమ్మ వెలిగి మరి ఆరలేదు. ఆ బొమ్మ మిణుకుమిణుకుమంటే మిస్సింగ్ గట్టిగా ఉన్నట్టు, బండి పక్కకి ఆపాల్సిందే. ఇది నిలకడగా వెలుగుతోంది, పికప్ కూడా తగ్గలేదు. సరేనని సర్వీసు సెంటర్‌కి పోనిచ్చాను.

అక్కడి కుర్రాడు స్టీరింగ్ కింద ఉండే పదహారు పిన్నుల సాకెట్‌కి స్కానర్ తగిలించాడు. పీ0135. "ఆక్సిజన్ సెన్సర్ పోయింది సార్" అన్నాడు. కొత్తది బిగించి, కోడ్ చెరిపేసి, లైటు ఆరిందని చూపించి తాళాలిచ్చాడు. బిల్లు 5,000 దాటింది. మర్నాడు వెలగలేదు. ఆ మర్నాడు వెలిగింది. మళ్లీ అదే పీ0135.

ఆ ఒక్కరోజు మౌనం సంగతి నాకు తర్వాత తెలిసింది. చాలా తప్పుల్ని కంప్యూటర్ మొదటిసారి చూసినప్పుడు లోపల రాసుకుని ఊరుకుంటుంది. తర్వాతి ప్రయాణంలోనూ కనబడితేనే లైటు వేస్తుంది. ఈలోగా మనం డబ్బు కట్టేసి ఇంటికొచ్చేస్తాం.

ఆక్సిజన్ సెన్సర్ పని పొగలో ఎంత ఆక్సిజన్ మిగిలిందో చూడటం. దాన్ని బట్టి కంప్యూటర్ పెట్రోలు పెంచుతూ తగ్గిస్తూ, బరువులో ఒక పాలు పెట్రోలుకి 14.7 పాళ్ల గాలి దగ్గర నిలబెడుతుంది. చల్లగా ఉంటే సెన్సర్‌కి చూపు ఆనదు, 300 డిగ్రీలైనా వేడెక్కాలి. పొగ వేడికే ఎక్కనిస్తే ఆలస్యం కాబట్టి లోపల చిన్న హీటర్ పెట్టారు. పీ0135 ఏ కంపెనీ బండిలోనైనా ఆ హీటర్ గొడవే. ఖచ్చితంగా చెప్పాలంటే, హీటర్ సర్క్యూట్ గొడవ.

ఆ 'సర్క్యూట్' అన్న మాట నేనూ చదివాను. చదివి వదిలేశాను. ఫోన్‌కి బ్లూటూత్‌తో కలిసే చిన్న అడాప్టరొకటి కొన్నప్పట్నుంచి అపార్ట్‌మెంట్‌లో ప్రతి కారుకీ నాడి చూస్తున్నానులెండి, అది వేరే జబ్బు.

విజయవాడ ఆటోనగర్‌లో తెలిసిన ఎలక్ట్రీషియన్ నా ఫోన్లో కోడ్ ఓసారి చూసి మల్టీమీటర్ తీశాడు. "సెన్సర్ పోయిందని అదెప్పుడందండీ? సర్క్యూట్ అంది. అంటే హీటరు, ఫ్యూజు, వైరు, కప్లరు, ఆఖరికి ఈసీయూ, అదే బండి కంప్యూటరు."

కప్లర్ విప్పి హీటర్ పిన్నుల మధ్య చూశాడు. ఏడు ఓమ్‌లు. కొత్త సెన్సరే, బాగుండకేం. కీ ఆన్ చేయించి వైరింగ్ వైపు చూశాడు, 12 వోల్టులు వస్తున్నాయి. అంటే ఫ్యూజు బతికే ఉంది. ఇక మిగిలింది రెండో వైరు. ఆ హీటర్‌కి ఎర్త్ బాడీ నుంచి రాదు, ఈసీయూ ఇస్తుంది. బ్యాటరీ తప్పించి, ఈసీయూ కప్లర్ ఊడదీసి, వైరుకి ఈ కొసా ఆ కొసా మీటరు పెట్టాడు. బీప్ రాలేదు.

వైరు వెంట వేళ్లతో తడుముతూ ఇంజిన్ వెనకాలకి పోయి ఆగాడు. కొరికేసిన టేపు, పక్కన నాలుగు ఎలుక పెంటికలు.

"వినాయకుడి వాహనం మీ వాహనం ఎక్కిందండీ."

తెగినచోట ముక్క అతికి, సోల్డర్ చేసి, స్లీవ్ తొడిగి 400 తీసుకున్నాడు. కోడ్ చెరపమంటే మాత్రం ఒప్పుకోలేదు. "వరసగా మూడుసార్లు బాగుంటే లైటు అదే ఆర్పుకుంటుంది. మీరు ఆర్పేస్తే నా పని సరిగ్గా కుదిరిందో లేదో నాకెలా తెలుస్తుంది?"

నాలుగో రోజు పొద్దున బొమ్మ లేదు.

సర్వీసు సెంటర్ వాళ్లు విప్పిన పాత సెన్సర్ అట్టపెట్టెలో డిక్కీలోనే ఉంది. నిన్న మీటరు పెట్టి చూశాను. అదీ ఏడే.