నికోలాయ్ ఆస్ట్రుప్: సేద్యం తెలిసిన చిత్రకారుడు

ప్రాంతీయ చిత్రకారుల గురించి జవాబు రాసేటప్పుడు మన విద్యార్థులు ఊరు, కొండ, చెరువు కనిపించిన ప్రతి చిత్రాన్నీ ‘ప్రకృతి ఆరాధన’ అనే ఒక్క మాటతో సరిపెడుతుంటారు. నార్వే చిత్రకారుడు నికోలాయ్ ఆస్ట్రుప్ (1880–1928) విషయంలో ఆ మాట బొత్తిగా చాలదు.

ఆస్ట్రుప్ పశ్చిమ నార్వేలోని యోల్‌స్టర్ ప్రాంతంలో ఒక చర్చి గురువు ఇంట పెరిగారు. క్రిస్టియానియాలో (నేటి ఓస్లో) హారియెట్ బాకర్ వద్ద, ఆపైన పారిస్‌లో క్రిస్టియన్ క్రోగ్ వద్ద చిత్రలేఖనం నేర్చుకుని, 1902లో యోల్‌స్టర్‌కు తిరిగి వచ్చారు. 1912లో అక్కడి సరస్సు దక్షిణపు ఒడ్డున సాన్‌డాల్‌స్ట్రాండ్ అనే చిన్న కమతం కొన్నారు. బాగా ఏటవాలు నేల, పైగా ఉత్తరముఖం కనుక ఎండ తక్కువ. రాతికట్టలు కట్టి ఆ వాలును మెట్లుమెట్లుగా మార్చి, పండ్లచెట్లు, కూరగాయలు, పలురకాల రూబార్బ్ పెంచారు. రూబార్బ్ మన గోంగూరలా పుల్లనిది. అయితే తినేది కాడను, ఆకు విషం. ఆయన చిత్రాల్లో ఆ వెడల్పాటి ఆకులు పదేపదే కనిపిస్తాయి. ఏ మొక్క ఎక్కడ నాటితే కంటికి ఎలా కనిపిస్తుందో కూడా ఆలోచించి నాటినవారాయన.

‘ధాన్యపు గుంజలు’ అనే చెక్క అచ్చు చిత్రాన్ని పరిశీలించండి. వానలు ఎక్కువైన ఆ సీమలో కోసిన పనలను నేలమీదే వదిలేస్తే కుళ్లిపోతాయి. అందుకని నిలువు గుంజలకు గుచ్చి ఆరబెడతారు. చిత్రంలో ఆ గుంజలు వరుసకట్టిన భూతాల్లా ఉంటాయి. నార్వే జానపద కథల్లో వీటిని ‘ట్రోల్’ అంటారు. విమర్శకులు సాధారణంగా ఇక్కడ జానపద కల్పననే చూస్తారు. నా దృష్టిలో అంతకుముందే చూడవలసింది పనల బరువు, అవి కిందికి వాలిన తీరు. ఆ బరువు తెలియని చేతికి ఆ భూతం దొరకదు. ‘వసంత రాత్రి, విల్లో చెట్టు’లోనూ అంతే. పశువుల మేత కోసం ఏళ్ల తరబడి కొమ్మలు నరికిన చెట్టు మొండి చేతులు చాచినట్టు కనిపిస్తుంది. ఆ వికారరూపం ఇచ్చింది రైతు కత్తే.

అచ్చు వేసే పద్ధతి కూడా గమనించదగినది. వేర్వేరు రంగులకు వేర్వేరు చెక్కలు చెక్కి, అచ్చు తీశాక మళ్లీ కుంచెతో దిద్దేవారు. కనుక ఒకే చెక్కల నుంచి వచ్చిన రెండు ప్రతులు ఒకేలా ఉండవు.

‘మధ్యవేసవి మంటలు’ చిత్రాలకు మరో నేపథ్యం ఉంది. ఊరి పిల్లలంతా ఆ మంటల చుట్టూ చేరేవారు. అది క్రైస్తవానికి ముందునాటి ఆచారమని తండ్రి తన పిల్లలను వెళ్లనిచ్చేవారు కాదు. వెలుగుకు దూరంగా, చీకటి అంచున నిలిచిన మనుషులను ఆయన అంత శ్రద్ధగా గీయడానికి ఇదొక కారణం కావచ్చు.

ఆయన చిత్రాల్లో ఒక లోటు కూడా ఉంది. ఉబ్బసం, డబ్బు ఇబ్బంది, ఎనిమిదిమంది పిల్లల పోషణ — ఇవేవీ పచ్చదనం దాటి మనకు చేరవు. 1907లో, పదిహేనేళ్ల వయసులో ఆయనను పెళ్లాడిన ఎంగెల్ ఆ కమతంలో సగం శ్రమ మోసింది. స్వయంగా బట్టలపై అచ్చులు వేసే కళాకారిణి కూడా. న్యుమోనియాతో ఆస్ట్రుప్ 47వ ఏట మరణించిన తరువాత పిల్లలను పెంచుతూ ఆ పని కొనసాగించింది. నేడు ప్రదర్శనశాలగా ఉన్న ఆ కమతానికి మాత్రం ‘ఆస్ట్రుప్ ఇల్లు’ అనే పేరే మిగిలింది.