సుగ్గికి పోయినోళ్ల పిల్లలు

దీపావళి దాటిందంటే మా పడమటి మండలాల్లో బడి పలచబడుతుంది. కోసిగి, పెద్దకడబూరు, కౌతాళం, మంత్రాలయం పల్లెల్లో ఇళ్లకు తాళాలు పడతాయి. వానను నమ్ముకుని వేసిన పత్తి, బుడ్డలు ఇంటికి చేరినా చేరకపోయినా అప్పు మాత్రం నిలిచే ఉంటుంది. మూటాముల్లె లారీకెక్కించి జనం గుంటూరు వైపు సుగ్గికి పోతారు. ముందు పత్తి తీయనీకి, ఆ తర్వాత మిరపకాయలు తెంపనీకి. మళ్లీ ఊరి మొహం చూసేది ఉగాది దగ్గర్లోనే. పిల్లల్లో కొందరు వెంట పోతారు, కొందరు అవ్వల దగ్గర ఉంటారు, ఇంకొందరు సర్కారు నడిపే సీజనల్ హాస్టళ్లలో చేరతారు.

ఇట్లాంటి పిల్లలకు పాఠంతో పాటు తమ మనసునూ తోటివాళ్లనూ అర్థం చేసుకోవడం నేర్పాలంటారు. దానికి పెట్టిన ‘సామాజిక, భావోద్వేగ అభ్యసనం’ అనే పేరు నాలాంటి పంతుళ్లకు శిక్షణ తరగతుల్లో పరిచయమైంది. అమెరికాలో 1994లో ఈ పని కోసమే క్యాసెల్ అనే సంస్థ పుట్టింది. ఢిల్లీ సర్కారు 2018లో హ్యాపీనెస్ క్లాసు మొదలుపెడితే, మరుసటి ఏడాది మన రాష్ట్రం ఆనందవేదిక తెచ్చింది. 2020 జాతీయ విద్యావిధానం కూడా దీనికి చోటిచ్చింది. వీటి మీద నాకు కోపమేమీ లేదు. కథ చెప్పుకోవడం, కళ్లు మూసుకుని ఊపిరి గమనించడం పిల్లలకు ఇష్టమే. కాకపోతే అమ్మానాయిన నిన్న రాత్రే లారీ ఎక్కిన పిల్లను కళ్లు మూసుకోమంటే, ఆ పిల్లకు కనిపించేది ఆ లారీయే.

అందుకే నా పని హాజరు పిలిచేటప్పుడే మొదలవుతుంది. పేరు పక్కన పెన్సిలుతో రాసుకుంటాను: రాత్రి ఎవరి దగ్గర పడుకుంటోంది, ఇంట్లో ఫోను ఎవరిది, తమ్ముణ్ణి సాకే పని కూడా మీద పడిందా. నీళ్లు మోసి, చిన్నోడికి అన్నం పెట్టి వచ్చి మొదటి పీరియడులో కునికే నాలుగో తరగతి పిల్లకు బాధ్యత గురించి నేను ఏం పాఠం చెప్పాలి? కాసేపు పడుకోనిస్తాను.

తిరిగొచ్చే పిల్లల సంగతి ఇంకా సున్నితం. నెలల తరబడి మిరప చేలో ఉండి వచ్చినోణ్ణి మొదటి రోజే లేపి పాఠం చదివిస్తే, రెండో రోజు వాడు కనపడడు. వాడికి వచ్చిన దాంతోనే ఎత్తుకోవాలి. కాటా ఎట్లా వేస్తారు, కిలోకు ఎంత, మేస్త్రీ ఎంత పట్టుకున్నాడు... లెక్కల పీరియడు వాడి చేతికే ఇస్తాను. మిరప ఘాటుకు చేతులు మండి రాత్రి నిద్ర పట్టని సంగతి ఆ లెక్కల మధ్యలో, అడగకుండానే చెబుతాడు. హొళగుంద వైపు పిల్లలైతే సగం కన్నడంలో, ఆదోని పిల్లలు కొందరు ఉర్దూలో. అప్పుడు నేను భాష దిద్దను. దిద్దితే నోరు మూయించినట్టే.

ఎమ్మిగనూరు నేత ఇళ్లలో కథ వేరు. 1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘం పెట్టిన ఊరది. మగ్గం ఇంట్లోనే ఉంటే నాయన కళ్లముందే ఉంటాడు, కాకపోతే కండెలు చుట్టే పని పిల్లల చేతికి వస్తుంది. అట్లాంటి పిల్లలకు తోడు కరువు కాదు, ఆడుకునే సాయంత్రం కరువు.

2024 డిసెంబరు 7న రాష్ట్రమంతటా మెగా పేరెంట్ టీచర్ సమావేశాలు జరిగాయి. ఆలోచన మంచిదే. తేదీ మాత్రం మా సుగ్గి క్యాలెండరు చూసి పెట్టింది కాదు. డిసెంబరులో మా పల్లెల్లో అమ్మానాయినల కుర్చీల్లో కూర్చోనీకి మిగిలేది అవ్వాతాతలే. 2025 జూలై 10న పెట్టింది మాకు నయం. నన్నడిగితే దసరాకూ దీపావళికీ నడుమ, లారీలు రాకముందే ఇంకొకటి పెట్టాలి. అందులో మార్కుల ఊసు వద్దు. ఎప్పుడు పోతారు, పిల్ల ఎవరి దగ్గర ఉంటుంది, రోజూ ఏ పొద్దుకు ఫోను చేయగలరు? ఇవి అడిగితే చాలు.

“కాటా అయినంక ఏడుకు చేస్తాం సార్” అంటారు తల్లులు. హాస్టల్లో స్టడీ అవర్ సరిగ్గా అప్పుడే ఉంటే? సుగ్గి నడిచే నెలల్లో దాన్ని ఎనిమిదికి జరిపితే పోయేదేముంది? దానికి కూడా జీవో కావాలంటారా!