సశేషం తర్వాత

వారపత్రికల్లో సీరియళ్లు చదివి పెరిగిన ఇళ్లలో “సశేషం” అన్న మాట తెలియనివారుండరు. కథానాయిక తలుపు తీస్తుంది, గుమ్మంలో ఎవరో నిలబడి వుంటారు, ఆ వచ్చినదెవరో వచ్చే వారానికి గాని తెలియదు. అమెరికా టెలివిజన్‌లో దీనికి క్లిఫ్‌హేంగర్ అని పేరు. మనిషిని కొండ అంచున వేలాడదీసి, చూసేవాణ్ణి పోయి పడుకోమనడమన్నమాట. సైన్స్ ఫిక్షన్ సీరియళ్లలో ఈ విద్య మరీ ముదిరింది. అలా వేలాడదీశాక చూసేవాడికి చివరికి దక్కుతున్నదేమిటి, ముడి విప్పితే తృప్తి కలుగుతుందా, లేక ఆ తృప్తి మరెక్కడైనా వుందా అన్నది మా ప్రశ్న.

మన పాతకాలపు పౌరాణికుడు ఈ విద్యను ఒప్పుకునేవాడు కాదు. ఏనాటి పురాణం ఆనాడు శుభమైన ఘట్టంలోనే ఆపాలని నియమం. లక్ష్మణుడు మూర్ఛపోయిన చోట గ్రంథం కట్టేసి జనాన్ని ఇళ్లకు పంపడు. ఎంత పొద్దుపోయినా హనుమంతుడు సంజీవి తెచ్చేదాకా చదివి, హారతి ఇచ్చి మరీ లేస్తాడు. చందమామలో బేతాళ కథలది ఇంకో పద్ధతి. ప్రశ్నా ఆ నెలలోనే, జవాబూ ఆ నెలలోనే. విక్రమార్కుడు నోరు విప్పాకే శవం మళ్లీ చెట్టెక్కుతుంది. పాఠకుడికి బాకీ లేదు, అయినా కథ సాగుతూనే వుంటుంది. అదే చందమామలో దాసరి సుబ్రహ్మణ్యంగారి ధారావాహికలు మాత్రం నెలనెలా పిల్లల ప్రాణాలు తోడేసేవి లెండి.

టెలివిజన్ వాళ్ల ఇబ్బంది వేరు. ఇక్కడి నెట్‌వర్కుల్లో సీజన్ వేసవి మొదట్లో ముగిసి సెప్టెంబరులో మళ్లీ మొదలవడం చాలాకాలం ఆనవాయితీ. ఆ మూడు నెలలూ జనం మరిచిపోకుండా ఒక కొక్కెం కావాలి. చిక్కేమిటంటే, పై సీజన్ వుంటుందో లేదో ఆ కొక్కెం తగిలించేవాడికే తెలియదు. ఎన్.బి.సి.లో వచ్చిన ‘వి’ సీరియల్‌ను చూడండి. మనుషుల తోలు కప్పుకుని వచ్చిన బల్లిజాతివాళ్లు భూమిని ఆక్రమించే కథ. 1985 మార్చిలో ఆఖరి ఎపిసోడ్‌లో అమ్మాయి ఎక్కిన నౌక ఆకాశంలోకి లేస్తుంది, అందులో బాంబు వున్నదని మనకు తెలుసు, ఆమెకు తెలియదు. అంతే. సీరియల్ రద్దయింది. ఆ నౌక ఈనాటికీ అలా గాలిలోనే వుంది. కాలం మారి నెట్‌ఫ్లిక్స్ వచ్చినా గుణం మారలేదు. 2022 నవంబరులో వచ్చిన ‘1899’లో ఓడ ప్రయాణమనుకున్నది చివరి నిమిషంలో 2099 నాటి అంతరిక్ష నౌకగా తేలుతుంది, ఇక అసలు కథ మొదలవుతుందనుకుంటే 2023 జనవరిలో దాన్నీ ఎత్తేశారు. వీటిని మేము కథలనలేము, తీర్చని అప్పులు.

ఇక తీర్చిన అప్పు సంగతి. ‘స్టార్ ట్రెక్: ద నెక్స్ట్ జనరేషన్’ మూడో సీజన్ 1990 జూన్ 18న ముగిసింది. ఎపిసోడ్ పేరు ‘ద బెస్ట్ ఆఫ్ బోత్ వరల్డ్స్’. చూడనివారికోసం క్లుప్తంగా చెబుతాము. బోర్గ్ అనేవాళ్లు ఒక జాతి కూడా కాదు, ఒక గుంపు. పట్టుబడినవాణ్ణి యంత్రాలు గుచ్చి తమలో కలిపేసుకుంటారు, వాడి తెలివి గుంపుది అయిపోతుంది. అలా ఎంటర్‌ప్రైజ్ నౌక కెప్టెన్ పికార్డ్‌నే పట్టుకుపోయి లొక్యూటస్‌గా మార్చారు. అతని కింది అధికారి రైకర్ తన కెప్టెన్ వున్న ఆ నౌక మీదనే ఆయుధం ప్రయోగించమని ఆజ్ఞ ఇస్తాడు. అక్కడ తెర చీకటి. రెండో భాగం సెప్టెంబరు 24న వచ్చింది. మధ్యలో తొంభై ఎనిమిది రోజులు. మొదటి భాగం రాసేటప్పుడు రెండో భాగం ఎలా నడపాలో తనకే తెలియదని రచయిత మైకేల్ పిల్లర్ తర్వాత చెప్పుకున్నాడు.

మేము ఆ తొంభై ఎనిమిది రోజులు ఎదురుచూసినవాళ్లం కాము. ఆ వయసు మాకు లేదు. ఇరవై ఏళ్లు దాటాక రెండు భాగాలూ ఒక్క రాత్రే చూశాము. తెర చీకటి అయిన ఐదు సెకండ్లకు తర్వాతి భాగం దానంతటదే మొదలైంది! అంచేత మా సాక్ష్యానికి ఒక విలువ వున్నదనుకుంటాము: నిరీక్షణ తీసేస్తే ఇందులో మిగిలేదెంత?

ఉత్కంఠలో మిగిలింది తక్కువే, ఒప్పుకోవాలి. కానీ ముడి మాత్రం మంచి ముడి. ఆ ఆయుధం పారలేదు. పికార్డ్‌కు తెలిసినదంతా ఇప్పుడు శత్రువుకు తెలుసు గనుక వాళ్లు ముందే కాచుకున్నారు. కెప్టెన్‌ను పోగొట్టుకోవడమంటే ఏమిటో ఆ ఒక్క వైఫల్యంతో తెలిసిపోతుంది. అయితే ఆపైన విప్పిన తీరు మాకు కొంచెం చప్పగానే తోచింది. పికార్డ్‌ను ఎత్తుకొచ్చి, అతని మెదడు ద్వారా గుంపు మొత్తానికి నిద్రపొమ్మని ఆజ్ఞ పంపుతారు. వాళ్లు నిద్రపోతారు, నౌక పేలిపోతుంది. ఇంజెక్షన్ ఇస్తే జ్వరం దిగినట్టు. ఇంత భయపెట్టినదానికి ఇదేనా మందు అనిపించింది.

అసలు తృప్తి ఆ మరుసటి వారం వచ్చింది. 1990 అక్టోబరు 1న ప్రసారమైన ‘ఫ్యామిలీ’లో యుద్ధం లేదు, శత్రువు లేడు, నౌకను నడిపే గది దృశ్యం ఒక్కటి కూడా లేదు. ఒళ్లు కుదుటపడిన పికార్డ్ ఫ్రాన్సులో తన పుట్టిన వూరికి వెళతాడు. అక్కడ అన్న రాబర్ట్ తండ్రి ఇచ్చిన ద్రాక్షతోటను అంటిపెట్టుకుని వున్నాడు. అడిగిన వంటకం పుట్టించే యంత్రాన్ని ఇంట్లోకి రానివ్వని మనిషి. తమ్ముడంటే కోపం, అసూయ, ఆపేక్ష అన్నీ వున్నాయి. ఇద్దరూ మాటామాటా పెరిగి తోటలో బురదలో పడి కొట్టుకుంటారు, నవ్వుకుంటారు, ఆ నవ్వులోంచి పికార్డ్ భోరున ఏడుస్తాడు. తన చేతులతో తనవాళ్లనే చంపించారు, ఆపలేకపోయాడు. ముప్ఫై తొమ్మిది నౌకలు, పదకొండు వేలకు దగ్గరగా ప్రాణాలు. ఇంటెన్సివ్ కేర్‌నుంచి బతికి బయటపడ్డవాళ్లను నెలల తర్వాత పీడకలలు పట్టుకోవడం మా వృత్తిలో చూస్తూనే వుంటాము. రోగం నయమైందని రాసి కాగితం మూసినంత మాత్రాన మనిషి ఇంటికి చేరినట్టు కాదు. ఆ మనిషిని ఇంటిదాకా తీసుకువెళ్లిన టెలివిజన్ సీరియళ్లు మేము చూసినంతలో చాలా తక్కువ.

ఇదే ఎపిసోడ్‌లో ఇంకో చిన్న కథ వుంది. క్లింగాన్ జాతి వర్ఫ్‌ను పెంచిన మానవ దంపతులు కొడుకును చూడటానికి నౌకకు వస్తారు. ఆ తల్లి పిల్లవాడికోసం వాళ్ల జాతి వంట నేర్చుకున్నదట. మన ఇళ్లలో ఇది తిరగబడి, పిల్లల కోసం పిజ్జా నేర్చుకున్న అమ్మమ్మలున్నారు.

మేము దీన్ని రెండోసారి చూసినప్పుడు మా నాన్నగారు ఇండియానుంచి వచ్చి మా దగ్గరున్నారు. బోర్గ్ సంగతి ఆయనకు అక్కరలేదు, మొదటి రెండు భాగాలూ పేపరు చదువుకుంటూ గడిపారు. ద్రాక్షతోట వచ్చేసరికి పేపరు పక్కన పెట్టారు. అంతా అయ్యాక, “అయితే ఇన్నాళ్లూ ఆ తోట పెద్దవాడొక్కడే చూసుకున్నాడన్నమాట” అన్నారు. నాన్నగారు వుద్యోగానికి పట్నం వచ్చేస్తే వూళ్లో పొలం చూసుకున్నది మా పెదనాన్నగారు. మేము ఇంకా దూరం వచ్చాము. ఆ రాత్రి ఆ మాట ఎవరమూ పొడిగించలేదు.

ఇది పాతదానిమీద మోజని ఎవరైనా అనవచ్చు. ‘సెవరెన్స్’ కొత్తదే. అందులో ఉద్యోగుల జ్ఞాపకాన్ని శస్త్రచికిత్సతో రెండుగా కోస్తారు. ఆఫీసులోని మనిషికి ఇల్లు తెలియదు, ఇంట్లోని మనిషికి ఆఫీసు తెలియదు. మొదటి సీజన్ 2022 ఏప్రిల్ 8న ఆఫీసు మార్క్ బయటి ప్రపంచంలో కళ్లు తెరిచి, చనిపోయిందనుకున్న భార్య బతికే వుందని కేకపెట్టిన క్షణంలో ఆగింది. రెండో సీజన్ 2025 జనవరి 17న గాని రాలేదు. నడుమ సమ్మెలు కూడా జరిగాయి, అయినా ఇది ఎవరికైనా విసుగు పుట్టించే వ్యవధే. వచ్చాక తొలి ఎపిసోడ్ ఆ రాత్రి బయట ఏం జరిగిందో చెప్పకుండా, ఏమీ తెలియని ఆఫీసు మార్క్ వెంటే మనల్ని పరిగెత్తిస్తుంది. అతనికి తెలిసినంతే మనకు తెలుసు. కొందరు మిత్రులు దీన్ని దగా అన్నారు. మేము అనము. ముడి సంఘటనలో కాక మనిషిలోనే వేశారు గనుక ఆ మనిషి తికమక చూడటమూ జవాబులో భాగమే. తర్వాతి ఎపిసోడ్‌లో ఆ రాత్రి సంగతి చెప్పనే చెప్పారు.

చూడదలచినవారికి ఒక సూచన. ‘స్టార్ ట్రెక్’ మూడు ఎపిసోడ్లూ ఒక్కొక్కటి ముప్పావుగంట. దానంతటదే తర్వాతిది మొదలయ్యే ఏర్పాటు తీసేసి, మొదటిదానికీ రెండోదానికీ మధ్య కనీసం ఒక వారం ఆగండి. మూడోది చూసేనాడు ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్లనూ పిలవండి. వెనకటి కథ చెప్పాల్సిన పని లేదు.